నోరు తెరవని వేషం

తిరుపతి,
12 సెప్టెంబరు 1975

చిన్నాయనకు,

దేవకి నమస్కారాలు. హాస్టల్లో తిండి పర్వాలేదు, చిన్నమ్మను దిగులుపడొద్దని చెప్పు. సంతోషమైన సంగతి ఒకటుంది. ఇక్కడి సాహిత్య పీఠం వాళ్లు నా పరిశోధన అంశానికి ఒప్పుకున్నారు. ఫ్రెంచి దేశంలో రంగస్థల హాస్యం ఐదు వందల ఏళ్లుగా ఎలా పెరిగి, ఎలా మారుతూ వచ్చిందో నేను రాయాలి. పాండిచ్చేరిలో పుట్టిన ఆనందమ్మ టీచరు దగ్గర రెండేళ్లుగా ఫ్రెంచి నేర్చుకుంటున్నది ఇందుకే.

తొలి రోజుల్లో వాళ్ల హాస్యం సంతల్లో ఆడేదట. పీపాలు నిలబెట్టి, వాటి మీద పలకలు పరిచి, మొగుణ్ణి దబాయించే పెళ్లాం, గురువుకు టోపీ వేసే శిష్యుడు, ఇలాంటి వేషాలు కట్టేవాళ్లు. ఆ తరువాత ఇటలీ నుంచి సగం ముఖానికి తొడుగులు వేసుకున్న నటులు దిగారు. వాళ్లకు రాసిపెట్టిన మాటలుండవు. కథ ఎటునుంచి ఎటు పోవాలో ఒక కాగితం మీద రాసి తెర వెనక తగిలించేవాళ్లు. మిగతాదంతా అప్పటికప్పుడు నోట పుట్టిందే.

అది చదవగానే నువ్వు గుర్తొచ్చావు. మన వీధినాటకంలో రాజు వాకిటి కాపలావాడి వేషం ముప్పై ఏళ్లుగా నీదే. రాజును సభకు పిలిచేదీ నువ్వే, జనాన్ని నవ్వించేదీ నువ్వే. ఆ మాటలు నీకు ఎవరు నేర్పారు? ఎక్కడైనా రాసి ఉన్నాయా? పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను గానీ ఎప్పుడూ అడగలేదు. వివరంగా రాయి.

దేవకి


కుంటపల్లె, వడమాలపేట దారి,
3 అక్టోబరు 1975

పాపా దేవకీ,

నీ జాబు మీ చిన్నమ్మకు రెండు తూర్లు చదివి వినిపించినాను. "నవ్వేది గూడా చదువేనా? అట్లయితే మన ఊర్లో అందురూ ఎమ్మేలే" అనింది.

నా మాటలు యాడా రాసి లేవు. ఏ ఊర్లో ఆట ఉంటే ఆ ఊరికి పొద్దున్నే పోతాను. టీ అంగడి కాడ కూర్చుంటాను. ఎవురికి ఎవురి మీద కడుపుమంటో గంటలో తెలిసిపోతాది. దాంతో నా మాటలు తయారు. మీ ఇటలీవాళ్లు కాగితం తగిలించుకున్నారు, నాకు అదీ లేదు.

మొన్న పక్కూర్లో ఆడినాము. ఆ ఊరి ప్రెసిడెంటు సంగతి నీకు తెలిసిందే. రేషను డిపో చక్కెర ఆయన ఇల్లు దాటి బయటికి రాదు. సభలో రాజు నన్ను అడిగినాడు, "ఓరీ ద్వారపాలకా, మన రాజ్యంలో చీమలు కనబడవేమిరా?" అని. "ఏం జెప్పేది దేవరా! చక్కెరంతా ప్రెసిడెంటుగారింట్లో ఉంటే చీమలకు ఈడేం పని? అన్నీ ఆడికే బారు కట్టినాయి" అన్నాను. ఆ నవ్వులో మద్దెల వినపడలేదంటే చూసుకో. ముందు వరసలో ప్రెసిడెంటు కుర్చీ వెనక్కి తోసి లేచిపోయినాడు.

మా జట్టు పెద్ద చెంగల్రాయుడు నన్ను బాగా తిట్టినాడు. తిట్టేటప్పుడు గూడా నవ్వు ఆపుకోలేకపోయినాడు.

మునెయ్య


తిరుపతి,
18 జనవరి 1976

చిన్నాయనా,

నీ చీమల మాట చదివి గదిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తరువాత భయమేసింది. ఎమర్జెన్సీ వచ్చినప్పటి నుంచి హాస్టల్లో పేపరు చదివినవాళ్లు కూడా చదివింది పైకి అనడం లేదు. కొన్నాళ్లు ఆ ప్రెసిడెంటు జోలికి పోవద్దు. నా మాట విను.

నేనిప్పుడు మూడు వందల ఏళ్ల వెనక ఉన్నాను. హాస్యం రాజుగారి ప్రాపకంలోకి పోయిన కాలం. అప్పుడొక నటుడు తానే నాటకాలు రాసి, తానే ఆడేవాడు. దొంగభక్తుల్ని ఎగతాళి చేసిన ఆయన నాటకాన్ని ఐదేళ్ల పాటు జనం ముందు ఆడనివ్వలేదు. అయినా ఆయన వదల్లేదు, అర్జీ మీద అర్జీ పెట్టి ఆడే చూపించాడు. చివరికి ఆయన పోతే, నటుడు కాబట్టి పాతిపెట్టడానికి చోటు ఇవ్వనే ఇవ్వం అన్నారు మతపెద్దలు. రాజు కల్పించుకోవలసి వచ్చింది.

మా గైడుకు ఈ కాలమంటేనే ఇష్టం. "కోటలోకి వచ్చాకే అది సాహిత్యమయింది. సంతల్లో గంతులు వేసినవాళ్లకు రెండు పేజీలు చాలు" అన్నారు. నేను తల ఊపి వచ్చేశాను.

దేవకి


కుంటపల్లె,
22 మార్చి 1976

పాపా,

నీ మాట వినలేదు. ముందే ఒప్పుకుంటున్నాను. ఆ చీమలను ఇంకో మూడు ఊర్లకు తీసకపోయినాను.

వచ్చే మే నెల్లో పక్కూరి గంగమ్మ జాతరకు పగటి ఆట మా జట్టుదే. పర్మిషన్ కోసం చెంగల్రాయుడూ నేనూ స్టేషన్‌కు పోతిమి. ఎస్సై కాగితం చూడను గూడా చూడలేదు.

"ఆట ఆడుకోండి. అయితే ఆ కాపలావాడు నోరు తెరవకూడదు" అన్నాడు.

"సార్, అది మాట్లాడే వేషమే సార్" అన్నాడు చెంగల్రాయుడు.

"వేషం ఉండనీ. మాట ఉండకూడదు. ఒక్క మాట వచ్చినా జట్టునంతా లోపలేస్తా."

ఆ ప్రెసిడెంటు పక్కనే కూర్చొని తమలపాకుకు సున్నం రాసుకుంటా ఉండినాడు. తల ఎత్తలేదు. ఎత్తాల్సిన పని ఏముండాది?

బయటికొచ్చినాక చెంగల్రాయుడు నా భుజం మీద చెయ్యేసినాడు. "ఈ తూరికి నువ్వు ఇంటికాడ ఉండప్పా. ఆ వేషం ఎవురికైనా ఇద్దాము" అన్నాడు. "నేను చచ్చినాక ఇయ్యి" అని చెప్పి నడిచి వచ్చేసినాను.

నీ ఐదు వందల ఏండ్లలో ఎవుడి నోటికైనా ఇట్లా బీగం వేసినారా? వేసి ఉంటే వాడేం జేసినాడు? తొందరగా రాయి.

మునెయ్య


తిరుపతి,
2 ఏప్రిల్ 1976

చిన్నాయనా,

వేశారు. దాదాపు రెండు వందల డెబ్బై ఏళ్ల కిందట, పారిస్‌లో. సంతల్లో ఆడేవాళ్ల దగ్గరికి జనం విరగబడి పోతున్నారని, అనుమతి ఉన్న పెద్ద నాటకశాల వాళ్లు కోర్టుకెక్కారు. సంత నటులు వేదిక మీద ఒకరితో ఒకరు మాట్లాడకూడదని ఉత్తర్వు తెచ్చారు. అప్పుడు వీళ్లేం చేశారో తెలుసా? ఒకడు తన మాట చెప్పి లోపలికి పరుగెత్తేవాడు. రెండోవాడు వచ్చి బదులు చెప్పి తనూ పరుగెత్తేవాడు. ఇద్దరూ ఒకేసారి వేదిక మీద మాట్లాడలేదు కదా! అదీ ఆపారు. ఈసారి మాటల్ని అట్టల మీద పెద్ద అక్షరాలతో రాసి పైనుంచి కిందికి దించారు. నటులు మూగగా అభినయిస్తుంటే, జనమే ఆ అట్టలు చదివి, తమకు తెలిసిన పాటల వరసల్లో పాడేవాళ్లు. నటుల నోరు మూయించారు గానీ జనం నోరు మూయించే ఉత్తర్వు ఎవరూ తేలేకపోయారు.

గైడు రెండు పేజీల్లో ముగించమన్న భాగం ఇదే. నేను అరవై పేజీలు రాశాను. ఆయనకు ఇంకా చూపించలేదు.

ఇది నీకు చెప్పి తప్పు చేస్తున్నానేమో తెలియదు. అయినా నువ్వు అడిగాక దాచలేకపోయాను.

దేవకి


కుంటపల్లె,
20 మే 1976

పాపా,

అక్షరాలు వంకరగా ఉన్నాయని అనుకోవద్దు. కుడిచేతికి ముల్లు గుచ్చుకొని వాచింది. ఎడమచేత్తో రాస్తా ఉండాను.

మీ ఫ్రెంచోళ్ల అట్టలు ఈడ పనికిరావు. మన జనంలో అక్షరం చదివేవాళ్లు ఎందరని? అట్ట దించితే మొదట చదివేది ఎస్సైయే. కానీ నీ జాబులో కడపటి మాట నన్ను వదల్లేదు. జనం నోరు.

పొద్దున పదింటికి ఆట మొదలైంది. ఎస్సై, ప్రెసిడెంటు ముందు వరసలో కుర్చీలేసుకొని కూర్చున్నారు. నేను వేషం కట్టుకొని వచ్చినాను, దండం పెట్టినాను, గమ్మున నిలబడినాను. చెంగల్రాయుడు రాజు వేషంలో ఉండాడు. నేను చెప్పినట్లే సూటిగా అడిగేసినాడు, "ఓరీ ద్వారపాలకా, మన రాజ్యంలో చీమలు కనబడవేమిరా?"

నోరు తెరిచినాను. ఎస్సై వైపు చూసినాను. నోరు మూసుకున్నాను. అప్పుడు కిందికి వంగి నేల మీద ఒక్క చీమను చూసినాను. లేదనుకో, ఉండాదన్నట్లు చూసినాను. దాని వెనకాల వేలు పెట్టి నడిపించినాను. చీమ జనంలోకి దిగింది. ఒక ముసలామె కాలి పక్కన పోయింది, ఆమె కాలు ఎత్తి దారి ఇచ్చింది. మొదటి నవ్వు ఆడ పుట్టింది. చీమ కుర్చీ కోడు ఎక్కింది. ప్రెసిడెంటు మోకాలు ఎక్కింది. చొక్కా జేబు కాడ నా వేలు ఆగిపోయింది.

నేను పలకలేదు పాపా. అంగళ్ల వీధి కుప్పమ్మ లేచి నిలబడి అరిచింది, "చక్కెర యాడుంటే చీమలాడ!" అంతే, ఊరంతా అదే మాట. జాతరకొచ్చిన మనుషులు, పొంగళ్ల కాడి ఆడోళ్లు, అందురూ. ఎస్సై లేచి చుట్టూ చూసినాడు. ఎవుర్ని పట్టుకుంటాడు?

ఆట అయినాక రెండు దినాలు పుత్తూరు పక్క పనుండి ఆగిపోయినాను. అందుకే జాబు ఆలస్యం.

మునెయ్య


తిరుపతి,
11 జూన్ 1976

చిన్నాయనా,

మొన్న చిన్నమ్మ హాస్టలుకు వచ్చింది. నువ్వు చెప్పొద్దన్నావట. అడిగేవరకూ చెప్పలేదు, అడిగాక ఆగలేదు.

"ముల్లు గాదు పాపా. రెండు దినాలు స్టేషన్లో పెట్టుకున్నారు. చూపించిన వేలు ఏదిరా అని అడిగి, దాన్నే బల్ల మీద పెట్టించి లాఠీతో కొట్టినారు. మొదట ఈయన నాకు గూడా ముల్లనే చెప్పినాడు. ముల్లు గుచ్చుకుంటే గోరు నల్లబడుతుందా?"

ఆమెను బస్సెక్కించి వచ్చి, తలుపు వేసుకొని కూర్చున్నాను. అట్టల సంగతి నీకు రాసింది నేనే. ఏడ్చి లాభం లేదనిపించింది. అరవై పేజీలకు చివర ఇంకో ఎనిమిది పేజీలు రాశాను. పారిస్ సంతలో జరిగింది, మన జాతరలో జరిగింది, పక్కపక్కన పెట్టి. ఇంతకన్నా మంచి పేజీలు నేను రాయలేదు. టైపు చేయించి కార్బన్ కాపీ పంపుతున్నాను. నీ వేలికి నేను కట్టగలిగిన కట్టు ఇదొక్కటే. నిదానంగా చదువు.

దేవకి


కుంటపల్లె,
4 జులై 1976

దేవకికి,

చదివినాను. నిదానంగానే చదివినాను.

అందులో నేను లేను. "వడమాలపేట ప్రాంతానికి చెందిన ఒక నిరక్షరాస్య గ్రామీణ నటుడు" అని ఒకడు ఉండాడు. వాడెవుడు? నేను ఎనిమిదో తరగతి పాసైనాను. నిరక్షరాస్యుడైతే నీకు ఈ జాబులు రాసేది ఎవుడు?

"పరిశోధకురాలికి తెలిసిన సమాచారం ప్రకారం" అని ఇంకోచోట ఉండాది. ఎట్లా తెలిసింది? ఎవురు చెప్పినారు? మీ నాయన మా జట్టులో మద్దెల వాయించినాడు. నువ్వు ఆ మద్దెల పక్కనే నిద్రపోయినావు. ఆయన పోయినాక నిన్ను చదివించింది వీధినాటకమే. ఇదంతా రాస్తే నీ పుస్తకం మైలపడుతుందా?

ఎస్సై నన్ను కొట్టేటప్పుడు గూడా పేరు పెట్టే పిలిచినాడు.

మునెయ్య


తిరుపతి,
9 ఆగస్టు 1976

చిన్నాయనా,

నెల రోజులు కలం పట్టుకోలేకపోయాను. నువ్వన్నది నిజం. ఇప్పుడు దాచకుండా రాస్తాను.

పీఠంలో చేరేటప్పుడు తండ్రి వృత్తి అన్న చోట వ్యవసాయం అని రాశాను. మనకు సెంటు భూమి లేదు. హాస్టల్లో ఎవరికీ మేము ఆటకాళ్లమని చెప్పలేదు. ఒకసారి మీ జట్టు తిరుపతిలో ఆడినప్పుడు, స్నేహితురాళ్లు చూద్దామంటే తలనొప్పి అని పడుకున్నాను. రాజుల నాటకశాలల గురించి మాట్లాడేటప్పుడు నా గొంతు పెద్దది. మన ఇంటి గురించి అయితే గొంతు రాదు. ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండానే నా నోరు నేనే మూసుకున్నాను.

ఇంకొకటి. గైడు ఆ భాగం చూశారు. అరవై ఎనిమిది పేజీల మీదా ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టారు. "ఇది పరిశోధన కాదు, పైగా ఈ రోజుల్లో పోలీసుల సంగతి రాస్తావా?" అన్నారు. నేను సరే అన్నాను. అవును, సరే అనే వచ్చాను. ఆ మర్నాడే నీ జాబు అందింది.

నిన్న మళ్లీ వెళ్లాను. అరవై ఎనిమిది పేజీలూ తిరిగి టైపు చేయించి తీసుకుపోయాను. "వీధినాటక కళాకారుడు, నా చిన్నాయన, మునెయ్య" అని మొదటి వాక్యం మార్చాను. గైడు అది చదివి, నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఇది ఉంటే నేను సంతకం పెట్టను."

"ఇది లేకపోతే నేను సమర్పించనండి."

"నీ ఇష్టం. తలుపు దగ్గరగా వేసి వెళ్లు."

తలుపు వేయకుండా వచ్చేశాను. హాస్టలు ఖాళీ చేయాలి. ఏర్పేడు హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు సెలవు మీద పోతోందట, ఆ చోటు నాకిస్తామన్నారు. క్షమించమని అడగను. సిద్ధాంత వ్యాసం పూర్తయ్యాక అడుగుతాను.

దేవకి


కుంటపల్లె,
1 సెప్టెంబరు 1976
(కార్డు)

పాపా, జాబు చేరింది. చేతి కట్టు విప్పినారు. వేలు వంకరగానే నిలిచింది, ఆటకు అదీ పనికొస్తాది. సంతకం పెట్టకపోతే పెట్టకపోనీ. ఆ పేజీల్లో ఒక్కటి తీసినావంటే కుంటపల్లెకు రావద్దు. ఏర్పేడులో ఎండ జాస్తి, మీ చిన్నమ్మ మజ్జిగ తాగమంటా ఉండాది.

మునెయ్య


ఏర్పేడు,
26 ఫిబ్రవరి 1978

చిన్నాయనా,

అయిపోయింది. మొదటి నుంచీ చెబుతాను.

ఎమర్జెన్సీ ఎత్తేశాక నేను పెట్టిన అర్జీలు నీకు తెలుసు. ఏడో అర్జీకి పీఠం కమిటీ దిగివచ్చి, గైడు సంతకం లేకుండానే పరీక్షకులకు పంపింది. మొన్న శుక్రవారం నోటి పరీక్ష. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో మద్రాసు నుంచి వచ్చిన పెద్దాయన, కుడివైపు మా గైడు. హాలు నిండా విద్యార్థులు.

మద్రాసు ఆయన రెండు గంటలు ఐదు శతాబ్దాలూ తిప్పారు. ఇటలీ తొడుగులు, రాజుగారి నటులు, ఏడిపించే హాస్యం, తలుపుల వెనక మొగుళ్లు దాక్కునే నాటకాలు, మన కాలంలో వచ్చిన, కథేమీ జరగని నాటకాలు, అన్నీ అడిగారు. అన్నిటికీ చెప్పాను. చివరికి ఆ పేజీలు తీశారు.

"ఈ మునెయ్య ఎవరు?"

"మా చిన్నాయన అండీ. మాది వీధినాటకం ఆడే ఇల్లు. మా నాన్న మద్దెల వాయించేవారు." హాల్లో నా హాస్టలు స్నేహితురాళ్లు ఉన్నారు. వాళ్ల వైపు తిరిగే చెప్పాను.

"ఆయన ఒక్క మాట లేకుండా ఊరిని నవ్వించాడని రాశావు. నిజం చెప్పాలంటే, నాకు చదువుతుంటే నవ్వు రాలేదమ్మా."

గైడు అప్పుడు మొదటిసారి నవ్వారు.

"చదివితే రాదండీ. చూడాలి. రాజు ప్రశ్న మీరు అడగండి" అన్నాను. అన్నాక గానీ నాకు తోచలేదు. మన ఇంట్లో ఆడవాళ్లు ఎవరూ ఎన్నడూ వేషం కట్టలేదు కదా.

ఆయన సరదాపడి గొంతు సవరించుకున్నారు. "ద్వారపాలకా, నా రాజ్యంలో చీమలు ఏమయ్యాయి?"

నోరు తెరిచాను. గైడు వైపు చూశాను. నోరు మూసుకున్నాను. చీరకుచ్చిళ్లు ఎడంచేత్తో పట్టుకొని వంగాను. గచ్చు మీద చీమను పట్టాను. అది నెమ్మదిగా బల్ల కోడు ఎక్కింది, మంచినీళ్ల గ్లాసు చుట్టి వచ్చింది, నా సిద్ధాంత వ్యాసం మీదుగా నడిచింది. అక్కడ కొంచెం ఆగి వాసన చూసింది. తరువాత మా గైడు చేతి మీదికి ఎక్కి, చొక్కా జేబు దాకా పోయింది. జేబులో ఎర్రసిరా పెన్ను ఉంది. నా వేలు దాని ముందు ఆగింది.

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు కుప్పయ్య, "ఎర్రచీమలా తల్లీ!" అన్నాడు.

చిన్నాయనా, ఆ నవ్వు నువ్వు వినాల్సింది. నా పేజీల మీద గీతలు పడ్డ సంగతి అక్కడ అందరికీ తెలుసు. మద్రాసు ఆయన కళ్లద్దాలు తీసి పంచెతో కళ్లు తుడుచుకున్నారు. గైడు నవ్వలేదు. పెన్ను జేబులోంచి తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకు కూర్చున్నారు.

పట్టా ఇస్తున్నారు. ఒక్క పేజీ తీయలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, నన్ను క్షమించు.

దేవకి


కుంటపల్లె,
7 మార్చి 1978

పాపా దేవకీ,

క్షమించే సంగతి మీ చిన్నమ్మను అడుగు. నీ జాబు చదువుతా ఉంటే ఆమె ఏడుస్తుందో నవ్వుతుందో తెలియలేదు. నాకు వేరే పని ఉండాది.

నువ్వు చేసిందాంట్లో రెండు తప్పులు. ఎడమచెయ్యి కుచ్చిళ్ల మీద పెట్టినావు. అది నడుము మీద ఉండల్ల. లేకపోతే భయపడినట్లు కనబడతాది. ఇంకొకటి, నీ పుస్తకం మీద చీమను ఆపి వాసన చూపించినావే, అది నా ఆటలో లేదు. అది బాగుండాది. దాన్ని నేను తీసుకుంటున్నాను.

పక్కూరోళ్లు ఈ మే నెల జాతరకు మమ్మల్నే పిలిచినారు. ప్రెసిడెంటు అదే ప్రెసిడెంటు. ఎస్సై మారినాడు. నేను చెంగల్రాయుడితో చెప్పినాను, ఈ తూరి రాజు వాకిలికి ఇద్దురు కాపలావాళ్లు, నేనూ మా పాపా అని.

"ఆడపిల్ల వేషం కడితే జనం ఊరుకోరప్పా" అన్నాడు.

"నన్ను మాట్లాడొద్దంటే జనమే మాట్లాడినారు. వాళ్ల సంగతి నాకు వదిలెయ్" అన్నాను.

"మన తాతల కాడి నుంచి లేదే!"

"మన తాతల కాడ ఈమె లేదు."

వాడు ఒప్పుకోలేదు, లేచిపోయినాడు. రేపు మళ్లీ పోతాను. వాడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా జాతర రోజు పొద్దున ఎనిమిదింటికి నువ్వు ఈడ ఉండల్ల. ముఖానికి రంగు నేనే పూస్తాను. మాటలు మాత్రం నేను నేర్పను. బస్సు దిగి నేరుగా టీ అంగడికి పో, కూర్చో, విను.

మునెయ్య